అందరూ సంతకం పెట్టిన కాగితం

ఆ కాగితం రాయించింది నేనే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే నా మనసు కాస్త తేలికపడుతుంది. తరవాత కొందరు మా అబ్బాయిని అన్నారు, కొందరు ఏజెన్సీ అమ్మాయిని అన్నారు. కానీ మండుటెండలో ఏలూరు కోర్టు దగ్గరికి, టైపు మిషన్ ముందేసుకుని కూర్చునే ఆయన్ని వెతుక్కుంటూ నడిచిన కాళ్ళు నావి. మంచి పని చేస్తున్నాననుకునే నడిచాను.

మాది భీమడోలు. రైలు కూత మా ఇంట్లోకి వినబడుతుంది. పొద్దున్నే మా కొడుకూ కోడలూ కలిసే స్టేషన్‌కి వెళ్తారు గానీ, చెరో వైపు బండి ఎక్కుతారు. మా అబ్బాయి ఆనంద్ పాల్ తాడేపల్లిగూడెంలో రైసు మిల్లులో సూపర్‌వైజరు. కోడలు షారోన్ ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. వాళ్ళ కూతురికి నాలుగేళ్ళు. మా అత్తగారి పేరు కలిసొచ్చేలా ప్రసన్నకుమారి అని పెట్టుకున్నాం, పిలిచేది మాత్రం పండు అని. మా ఆయన యోసేపుగారు కొల్లేరు వైపు సుబ్బరాజుగారి చెరువు మీద పని చేస్తారు. తవుడు సంచుల్లో నింపి, పడవలో వెళ్ళి, నీళ్ళలో పాతిన కర్రలకి కట్టి రావడం ఆయన పని. చేపలు వచ్చి ఆ సంచుల చిల్లుల్లోంచి తింటాయి.

ఈ ఏడు ఏప్రిల్‌లో, రెండో పంట దాళ్వా కోతలు మొదలైన వారంలో, షారోన్ జర్మన్ భాష పరీక్ష పాసైంది. ఏడాదిన్నర చదివింది ఆ పిల్ల. రైల్లో చదివింది, కూర తరుగుతూ చదివింది, పండుకి అన్నం పెడుతూ ఆ నోరు తిరగని మాటలే పాటల్లా పాడింది. జర్మనీలో ఒక ఆసుపత్రికి నర్సులు కావాలట. మొదట మూడేళ్ళు. వెళ్ళిన కొన్నాళ్ళకి భర్తనీ బిడ్డనీ తీసుకెళ్ళచ్చట.

పరీక్ష పాసైన రోజు సాయంత్రం మా పాల్ ఆ పిల్ల జర్మన్ పాఠాల పుస్తకం అందుకుని బొమ్మలు చూడడం మొదలుపెట్టాడు.

"ఇదిగో చూడమ్మా! ఈ పాఠంలో మొగుడు ఇల్లు తుడుస్తున్నాడు, పెళ్ళాం బ్యాగు తగిలించుకుని ఆఫీసుకెళ్తోంది. బడిపుస్తకంలో వేసే బొమ్మేనా ఇది?"

"అక్కడ అంతేనండి. ఎవరికి వీలైతే వాళ్ళు చేసుకుంటారు," అంది షారోన్.

"మరి వాళ్ళమ్మ ఎక్కడుంది? అత్తగారు ఎక్కడుంది? పుస్తకం మొత్తంలో ఒక్క ముసలమ్మ లేదు."

"ఉందండి, పదకొండో పాఠంలో. ఆవిడ ఒక్కర్తీ వేరే ఇంట్లో ఉంటుంది, కుక్కతో."

వాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. మా ఆయన మాత్రం నవ్వలేదు. పండుకి కొరమీను ముల్లు తీసి పెడుతున్నారు.

మా ఆయన ఎందుకు నవ్వలేదో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం అనం. రెండువేల ఆరులో ప్రభుత్వం కొల్లేరులో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించినప్పుడు ఆయన పని పోయింది. అప్పుడు నేను కువైట్ వెళ్ళాను, ఇళ్ళలో పనికి. పదకొండేళ్ళు ఉన్నాను. వెళ్ళేటప్పటికి మా పాల్‌కి తొమ్మిదేళ్ళు. ఆ పదకొండేళ్ళూ వాడికి వండి పెట్టింది వాళ్ళ నాన్నే. కానీ వంటింటి తలుపు గడియ పెట్టుకుని వండేవారు. ఎదురింటి సరోజ వాసన పట్టి, "ఏం యోసేపన్నయ్యా, ఇవాళ పులుసు ఎవరు పెట్టారు?" అంటే, "మా అక్క వచ్చి పెట్టి వెళ్ళిందమ్మా" అనేవారు. ఆ అక్కగారు ఉండేది నర్సాపురంలో. పాల్ ఆ గడియ పెట్టిన తలుపు చూస్తూ పెరిగాడు. మగవాడు వండడం కాదు తప్పు, కనబడడం తప్పు అని వాడికి ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది.

నేను తిరిగొచ్చేసరికి వాడికి ఇరవై. "రండమ్మా, కూర్చోండి" అన్నాడు నన్ను. కన్నతల్లిని మీరు అన్నాడు. ఆ మీరు నువ్వు అవడానికి ఆరు నెలలు పట్టింది. ఇది నేను ఎవరితోనూ చెప్పుకోలేదు.

దేశాల సంగతి నాకు కొంత తెలుసునని నా నమ్మకం. కువైట్‌లో మా మేడమ్ పెద్ద బడికి హెడ్‌మిస్ట్రెస్. కారు తనే నడిపేది, డ్రైవర్ని తిట్టేది, మొగుణ్ణి కూడా తిట్టేది. అంతటి ఆవిడకి కూడా నేను వెళ్ళిన కొత్తలో పాస్‌పోర్టు కావాలంటే ఆయన సంతకం కావాల్సొచ్చింది. తరవాత ఆ రూలు తీసేశారు. నాతో పనిచేసిన లిండాది ఫిలిప్పీన్స్. తన దేశంలో మొగుడు జీతం తెచ్చి పెళ్ళాం చేతిలో పోస్తాడని గొప్పగా చెప్పేది. "మరి నువ్వెందుకొచ్చావే?" అంటే, "ఇల్లు నాది కదా, అందుకని ఇల్లు వదిలేదీ నేనే" అనేది. ఎక్కడి న్యాయం అక్కడిది. నా మటుకు నేను వెళ్ళేటప్పుడు మా ఏజెంటు భర్త అంగీకార పత్రం అడిగాడు. మా ఆయన మారుమాట లేకుండా సంతకం పెట్టారు. ఆ సంతకం గురించి నేను కువైట్‌లో ఎంతమందికి చెప్పుకున్నానో! మా ఆయన ఎంత మంచివారో చూడండి, ఏ మగాడు పెడతాడు అలాంటి సంతకం, అని.

అందుచేత సముద్రం దాటే ఆడదానికి పాస్‌పోర్టు ఎంతో ఆ కాగితం అంతే అని నా బుర్రలో ఉండిపోయింది.

షారోన్ ప్రయాణానికి పాల్ అవుననడు, కాదనడు. మిల్లులో దాళ్వా ధాన్యం లారీలు బారులు తీరాయి, వాడు ఇంటికొచ్చేసరికి ఒళ్ళంతా ఊక. స్నానం చేసి, తిని పడుకునేవాడు. షారోన్ నా వైపు చూసేది. నోరు తెరిచి అడగదు ఆ పిల్ల. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ నేనే కదిపాను.

"ఏరా, ఏదో ఒకటి చెప్పు. పిల్ల నలిగిపోతోంది."

"ఏం చెప్పమంటావమ్మా? మిల్లులో ఇప్పటికే మొదలెట్టారు. పాల్‌గారు జర్మనీలో పప్పు రుబ్బుతారంట, పాల్‌గారు నాప్కిన్లు మారుస్తారంట. అక్కడ ఫారంలో నా ఉద్యోగం ఏమని రాస్తారు? నర్సు మొగుడు అని రాస్తారా?"

"మీ నాన్న నా విషయంలో ఇన్ని ఆలోచించారట్రా? సంతకం పెట్టేశారు."

"నాన్నకి వేరే దారి లేదు. నాకుంది."

ఆ మాటకి నాకు చర్రున కోపమొచ్చింది. కానీ మాటకి మాట అంటే పని చెడుతుంది. మగవాడి పరువుకి కాస్త చోటు వదిలితే మనకి కావలసిన చోటు మనకి దొరుకుతుందని నేను బతుకంతా నమ్మాను. అందుకని మెత్తగా చెప్పాను. "సరేరా, ఒక పని చేద్దాం. నీ ఇష్టమే జరిగినట్టు కాగితం రాయిద్దాం. నువ్వు ఒప్పుకుంటేనే వెళ్తోందని అందులో ఉంటుంది. ఎప్పుడు రమ్మంటే అప్పుడు రావాలని కూడా రాయించుకో. సరేనా?"

వాడు మా వీధి మలుపు తిరిగాక అన్నాడు. "అలా రాస్తే సరే."

మే నెల మొదటి వారంలో ముగ్గురం ఏలూరు వెళ్ళాం, పాల్, మా ఆయన, నేను. షారోన్ డ్యూటీలో ఉంది. తనని పిలవాలని ఎవరికీ తోచలేదు. కోర్టు దగ్గర టైపు చేసే ఆయన కళ్ళజోడు సర్దుకుని, "చెప్పండి బాబూ, ఏం రాయమంటారు?" అన్నాడు. పాల్ చెబుతుంటే ఆయన ఇంగ్లీషులోకి తిప్పి కొట్టాడు. నా భార్య జర్మనీలో మూడేళ్ళు ఉద్యోగం చేయడానికి నేను అనుమతి ఇస్తున్నాను. బిడ్డ క్షేమం కోసం, కుటుంబ అవసరం కోసం నేను ఎప్పుడు పిలిచినా ఆమె ఉద్యోగం మాని తిరిగి రావలెను. ఆయన చదివి వినిపించాక పాల్ మెడ కాస్త నిటారైంది. సంతకం పెట్టాడు. సాక్షులుగా మా ఆయన పెట్టారు, నేను పెట్టాను. నేను మిషన్ బడిలో పదో తరగతి దాకా చదివినదాన్ని, నా సంతకం గుండ్రంగా ఉంటుంది. నోటరీ ఆయన ఎర్ర సీలు వేశాడు.

ఆ కాగితం మీద లేనిది షారోన్ సంతకం ఒక్కటే.

ఒకటి చెప్పాలి. మా వాడు చెడ్డవాడు కాదు. ఆ రోజే తిరిగొస్తూ బజారులో ఆగి పెళ్ళానికి చక్రాల సూట్‌కేసు కొన్నాడు, ముదురు ఎరుపుది. నాలుగు కొట్లు తిరిగి, జిప్పులు లాగి చూసి, "అక్కడ చలికి బట్టలు లావుగా ఉంటాయంటమ్మా, పెద్దది కావాలి" అని ఏరి తెచ్చాడు. ఇంటికొచ్చి దాన్ని మంచం పక్కన పెట్టి, "చూసుకో" అన్నాడు షారోన్‌తో. ఆ పిల్ల ఆ సూట్‌కేసుని ఎన్నిసార్లు తడిమిందో నేను చూశాను.

మర్నాడు సర్టిఫికెట్లన్నీ ఈ ఉద్యోగం చూపించిన హైదరాబాదు ఏజెన్సీకి పంపాలి. షారోన్‌కి డ్యూటీ, అందుకని నెట్ సెంటరుకి నేనే బయల్దేరాను. ఆ కాగితం పైన పెట్టి దొంతర సర్దుతుంటే షారోన్ చూసింది.

"అది వద్దేమో అత్తయ్యా. వాళ్ళు అడగలేదు కదా."

"అడిగేదాకా ఆగడమెందుకే? ముందే ఇస్తే ఎంత పద్ధతైన కుటుంబమో అనుకుంటారు. నీకు వెనక మనుషులున్నారని తెలియాలి కదా."

తను ఇంకా ఏదో అనబోయింది. బండి టైమైపోయింది. నెట్ సెంటరులో కుర్చీ వేసుకుని కూర్చుని, ఆ కాగితం మొట్టమొదటి పేజీగా వచ్చేలా దగ్గరుండి స్కాన్ చేయించాను.

ఇంటర్వ్యూ మే ఆఖరి వారంలో, మధ్యాహ్నం రెండింటికి. అక్కడ పొద్దున్న అట. నేను పెళ్ళిచూపులకి చేసినంత హడావుడి చేశాను. గోడకి కొత్త తెర కట్టాను. మా ఆయన గడ్డం గీసుకుని తెల్ల చొక్కా వేసుకున్నారు. తోటి నర్సు ఇచ్చిన ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి షారోన్ కూర్చుంది. వెనకాల బెంచీ మీద పాల్, మా ఆయన, ఒళ్ళో పండుతో నేను వరసగా కూర్చున్నాం. కుటుంబం అంతా కనబడాలని బెంచీ అక్కడ వేయించింది కూడా నేనే.

ల్యాప్‌టాప్ తెర మీద ముగ్గురు. పొట్టి తెల్లజుట్టు పెద్దావిడ, ఆ ఆసుపత్రి నర్సులందరికీ పైఅధికారి. ఆవిడ పక్కన వార్డు చూసుకునే నర్సు, మగాయన, ఇంత గడ్డం. మూడో గడిలో హైదరాబాదు ఏజెన్సీ అమ్మాయి భాగ్యశ్రీ, అవసరమైన చోట మాకు తెలుగు చేసి చెప్పడానికి. షారోన్ బాగా మాట్లాడింది. రోగికి ఒళ్ళు తుడవడం దగ్గర్నుంచి, తినిపించడం దాకా అక్కడ నర్సే చేస్తుందనీ, బంధువులు వచ్చి పక్కన పడుకోరనీ వాళ్ళు చెప్పారు. "ఎవరూ రారా?" అని పొరపాటున పైకే అనేశాను. గడ్డం ఆయన నవ్వి ఆదివారాలు వస్తారన్నాడు.

అప్పుడు ఆ పెద్దావిడ ఒక కాగితం ఎత్తి చూపించింది. ఎర్ర సీలు నేను గుర్తుపట్టాను. నాకు గర్వం పొంగుకొచ్చింది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మా ఆయన్ని మోచేత్తో పొడిచాను కూడా.

ఆవిడ ఏదో అడిగింది. షారోన్ జవాబు చెప్పింది. ఆవిడ మళ్ళీ అడిగింది. ఈసారి షారోన్ వెనక్కి తిరిగి మావైపు చూసింది, పాల్ వైపు. అది చూసి తెరలో ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

భాగ్యశ్రీ గొంతు తగ్గించి అంది. "అండీ, మీరు ఏమీ అనుకోవద్దు. షారోన్‌గారితో వాళ్ళు ఒంటరిగా మాట్లాడాలంటున్నారు. మీరందరూ కాసేపు బయట కూర్చుంటారా?"

"ఎందుకండి?" అన్నాడు పాల్.

"అక్కడి పద్ధతండి. ఎవరైనా బలవంతం చేసి పంపుతున్నారేమో కనుక్కోవాలట."

"నేను అనుమతి ఇచ్చానండి. బలవంతం చేసి ఆపలేదు. సంతకం ఉంది చూడండి."

"దానివల్లేనండి," అంది భాగ్యశ్రీ, తప్పంతా తనదే అయినట్టు.

పాల్ లేచిన తీరుకి బెంచీ కిర్రుమంది. బయటికొచ్చాం. లోపల్నుంచి షారోన్ తలుపు వేసింది. వరండాలో ఎండ కాళ్ళ దాకా వచ్చేసింది, అయినా ఎవరం జరగలేదు. ఎదురింటి సరోజ చూస్తోంది. ఏం జరిగిందంటే ఏం చెప్పను? మా ఇంట్లోంచి మమ్మల్నే బయటికి పంపేశారని చెప్పనా? పాల్ చెప్పులు వేసుకుని సెంటరు వైపు వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ మూసిన తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు.

అరగంటకి తలుపు తెరుచుకుంది. షారోన్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పక్కన పెట్టారత్తయ్యా. కాదనలేదు. నన్ను ఆలోచించుకుని రాయమన్నారు. ఇంకెవరి సంతకం లేకుండా."

సాయంత్రం దొడ్లో గిన్నెలు తోముకుంటూ అంతా చెప్పింది. నేను అడిగితేనే చెప్పింది.

"నీకు రావాలని ఉందా అని అడిగారత్తయ్యా. మావారు ఒప్పుకున్నారండి అన్నాను. అది కాదు, నీకు రావాలని ఉందా అన్నారు. మా పాప చదువు కోసం అన్నాను. అదీ కాదన్నారు. మూడోసారీ అదే అడిగారు. ఏడాదిన్నరగా జర్మన్‌లో ఏం అడిగినా చెప్పడం నేర్చుకున్నాను. ఇది నన్ను తెలుగులో కూడా ఎవరూ అడగలేదు. ఏడుపొచ్చేసింది."

"ఏడిచావా, వాళ్ళ ముందు?"

"ఆవిడ ఓపిగ్గా కూర్చుంది. తరవాత చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ రోజుల్లో వాళ్ళ దేశంలో కూడా మొగుడు తలుచుకుంటే పెళ్ళాం ఉద్యోగం మానిపించెయ్యచ్చంట. వాళ్ళ అమ్మమ్మ అలాగే మానేసిందంట. అందుకని ఆ కాగితం చూడగానే మీ అందర్నీ బయటికి పంపమందంట ఆవిడ."

నేను పీచుతో గిన్నె రుద్దుతున్నాను. పోయిన మసినే మళ్ళీ రుద్దుతున్నాను.

"అత్తయ్యా, ఒకటి అడగనా? కువైట్ వెళ్ళేటప్పుడు మిమ్మల్ని ఎవరైనా అడిగారా? వెళ్ళాలని ఉందా అని?"

"పొయ్యి మీద అన్నం మాడుతోంది చూడు," అన్నాను. అన్నం మాడడం లేదు. ఆ సంగతి తనకీ తెలుసు. అయినా లేచి వెళ్ళింది.

ఆ రోజు నుంచి మా ఇల్లు రెండు ముక్కలైంది. పాల్ మిల్లులో పని ఎక్కువుందని చెప్పి తాడేపల్లిగూడెంలో మిల్లు వాళ్ళ గదిలోనే ఉండిపోయాడు. దాళ్వా పని అయిపోయి లారీలు పలచబడ్డాక కూడా రాలేదు. నేనే ఒకసారి ఆవకాయ సీసా పట్టుకుని బండెక్కి వెళ్ళాను. మిల్లు గేటు దగ్గర నిలబడే మాట్లాడాడు.

"ఆ సంతకం పెట్టడానికి నాకు నెల పట్టిందమ్మా. ఎంత కిందా మీదా పడ్డానో నీకు తెలుసు. మన ఊళ్ళో ఎవడైనా పెట్టాడా? మెచ్చుకుంటారనుకున్నాను. వాళ్ళు నన్ను దొంగని చూసినట్టు చూశారు."

వాడి కళ్ళల్లో నీళ్ళు. వాడు చెప్పింది నిజమే. వాడు కొండంత అనుకుని ఇచ్చినదాన్ని వాళ్ళు తప్పుగా తీసుకున్నారు. ఇటు షారోన్‌దీ నిజమే. ఇద్దరి మధ్యా ఆ కాగితాన్ని పెట్టింది నేను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆవకాయ సీసా చేతిలో పెట్టి, "ఆదివారం రా నాన్నా," అని మాత్రం అన్నాను.

జూన్ మూడో ఆదివారం వచ్చాడు. తొలకరి పడి ఇంటి ముందంతా బురదగా ఉంది. భోజనాలవుతున్నాయి. షారోన్ వడ్డించడం ఆపి, మడిచిన కాగితం ఒకటి తీసుకొచ్చి గోడవార నిలబడింది.

"ఇది వాళ్ళకి పంపుతున్నానండి. జర్మన్‌లో రాశాను. తెలుగులో చెబుతాను." కాగితం మడత విప్పింది. "నా పేరు షారోన్. నాకు ఈ ఉద్యోగం చెయ్యాలని ఉంది. పన్నెండో తరగతి చదివేటప్పటి నుంచీ నర్సునవ్వాలని ఉంది, మంచి ఆసుపత్రిలో పెద్ద పని నేర్చుకోవాలని ఉంది. నా భర్త మంచివాడు. ఆయన సంతకం ప్రేమతో పెట్టారు, మా దగ్గర ప్రేమ అలా కూడా ఉంటుంది. కానీ నేను రావడం ఆయన సంతకం మీద కాదు, నా సంతకం మీద. దయచేసి మొదటి పేజీ తీసెయ్యండి."

అన్నం కలిపిన చెయ్యి కంచంలోనే ఉంది పాల్‌ది.

"నన్ను అడుగుతున్నావా, చెబుతున్నావా?" అన్నాడు.

"చెబుతున్నానండి."

వాడు మారు అన్నం పెట్టించుకోలేదు. ఉన్నది తినేశాడు. లేచి, తన కంచం తనే తీసుకెళ్ళి దొడ్లో కడిగి గట్టు మీద బోర్లించాడు. పెళ్ళై ఆరేళ్ళలో వాడు కంచం కడగడం అదే మొదలు. కోపంతో కడిగాడో, మరెందుకు కడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

జర్మనీ వాళ్ళు పది రోజుల్లో సరేనన్నారు. వీసా ఆగస్టులో వచ్చింది. కొల్లేరు నిండి, సుబ్బరాజుగారి చెరువు గట్టు దాకా నీళ్ళొచ్చాయి. మా ఆయన గట్టు కాపలాకి వెళ్తూ కూడా పొద్దుట పూట పండుని సైకిల్ మీద తిప్పి వెళ్ళేవారు. అమ్మ వెళ్తుందని దానికి అలవాటు చెయ్యాలని ఆయన ఆలోచన. నా కొడుకుని అలవాటు చేసింది కూడా అలాగేనేమో, ఆ సైకిల్ మీదే. నేను అప్పుడు చూడలేదు.

షారోన్ హైదరాబాదు బండెక్కే రోజు పాల్ రాలేదు. ఫోనెత్తలేదు. ఎర్ర సూట్‌కేసు మా ఆయన లాక్కొచ్చారు. ప్లాట్‌ఫారం మీద పండు దాని మీదెక్కి కూర్చుంది. అమ్మని ఆపడానికి దానికి తెలిసిన ఉపాయం అదొక్కటే. షారోన్ నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే లేపి గుండెకి హత్తుకున్నాను. "రోజూ ఫోన్ చెయ్యి. నువ్వు అని పిలిపించుకో దానిచేత. మీరు దాకా రానివ్వకు," అన్నాను. తనకి అర్థమైందో లేదో గానీ తలూపింది.

తాడేపల్లిగూడెం వైపు నుంచి బండి వచ్చి ఆగింది. ఎక్కబోయే పెట్టె గుమ్మంలో పాల్ నిలబడి ఉన్నాడు. అక్కడే ఎక్కేసినట్టున్నాడు. వంగి పండుని ఎత్తి నా చేతికిచ్చాడు, సూట్‌కేసు లోపలికి లాక్కున్నాడు, షారోన్‌కి చెయ్యి అందించాడు. అన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఆ స్టేషన్ నుంచి ఒకే బండిలో ఒకే వైపు వెళ్ళడం నేను అప్పుడే చూశాను. ఎయిర్‌పోర్టు దాకా దిగబెట్టి మూడో రోజు ఒక్కడే తిరిగొచ్చాడు. నువ్వెప్పుడు వెళ్తావురా అంటే, "చూద్దాం" అంటాడు. ఇప్పటికీ అంతే అంటున్నాడు.

ఆ వారంలోనే నాకు జ్వరమొచ్చి పడుకున్నాను. మా ఆయన వంటింట్లోకి వెళ్ళారు. పాత అలవాటు, వెళ్ళగానే గడియ పెట్టిన చప్పుడైంది. నేను లేచి వెళ్ళి తలుపు కొట్టాను. తీశారు. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. గడప మీద కూర్చున్నాను.

"లేచావేం? పడుకో," అన్నారు.

"ఏవండీ, ఒక మాట. కువైట్ కాగితం మీద సంతకం పెట్టారు చూడండి, అప్పుడు నీకు వెళ్ళాలని ఉందా అని నన్ను ఎందుకు అడగలేదు?"

గరిట ఆగింది. ఆయన నా వైపు తిరగలేదు. పులుసు పొంగి పొయ్యి మీద పడుతున్నా మంట తగ్గించలేదు.

"అడిగితే లేదంటావని తెలుసు పాపమ్మా," అన్నారు చివరికి. "అందుకే అడగలేదు."

ఇరవై ఏళ్ళుగా నేను ఆ సంతకాన్ని పొగిడాను. ఎడారిలో ఎవరెవరి వంటిళ్ళలోనో నిలబడి పొగిడాను. ఏడవాలో తిట్టాలో తెలియలేదు. గోడ పట్టుకుని లేచి, వీధి వైపు తలుపు కూడా బార్లా తెరిచాను. ఎదురింటి అరుగు మీద సరోజ బియ్యం చెరుగుతోంది. గరిట పట్టుకున్న ఆయన్ని చూసి చేట ఆపేసింది.

చూడనిచ్చాను. ఆయన తలుపు వెయ్యమనలేదు. కాసేపటికి గరిటతో కాస్త పులుసు తీసి, చల్లార్చి నా ముందుకు చాపారు.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగారు.

"లేదు," అన్నాను.